పిలిచే మనిషి

నా చెల్లెలు వరహాలమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పింది. తెలుగు వచ్చినవాళ్ళకు కాదు, రానివాళ్ళకు. సముద్రం పక్కన కొండ మీద ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో, వేరే రాష్ట్రాల నుంచీ దేశాల నుంచీ వచ్చినవాళ్ళకు ఏడాదిలో తెలుగు నేర్పే కోర్సు ఒకటుంది. ప్రతి శుక్రవారం పాఠం అయ్యాక విద్యార్థులు ఒక చీటీ రాసి ఇవ్వాలి. చీటీలో మూడే ప్రశ్నలు. ఏం అర్థమైంది? ఎక్కడ ఆగిపోయారు? నేనేం మార్చుకోవాలి?

శనివారం పొద్దున ఆ చీటీలు మా భోజనాల బల్ల మీదికి వచ్చేవి. నేను చోడి అంబలి గ్లాసుల్లో పోస్తుంటే ఆమె ఒక్కొక్కటే చదివేది. కొండ దిగి ఇంటికి రాగానే ప్రొఫెసరు మాటను చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విడిచిపెట్టడం ఆమెకు అలవాటు.

"బాగుంది మేడమ్. చాలా బాగుంది మేడమ్. అంతా బాగుంది, ధన్యవాదాలు. ఏటప్పా ఇది? ముప్పయ్యేళ్ళ నుంచీ ఇదే పాట."

"బాగుంటే బాగున్నాదనే రాస్తారు. బాగోనేదని రాయమంటావేటి?"

"మొన్న పరీచ్చలో సగం మంది పోనారే! అంత బాగుంటే ఎందుకు పోతారు?"

"నీ మొకం సూసి బయపడి రాస్తన్నారు."

"నా మొకానికేటయినాది?"

"నాకే బయమేస్తాది. నీకన్నా పదకొండేళ్ళు పెద్దదాన్ని."

ఆ మాటతీరు మా ఊరిది. అక్కను అప్పా అంటాం. మా ఊరు జలాశయం కిందికి వెళ్ళి నలభై ఏళ్ళయింది. అమ్మ పోయాక, నా భర్త పోయాక, ఆ మాట నాతో మాట్లాడే మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్ళుగా కొండ కింద విశ్వవిద్యాలయం క్వార్టర్సులో మేమిద్దరమే ఉంటున్నాం.

ఆ శనివారం చివరి చీటీ దగ్గర ఆమె ఆగింది. మిజోరం నుంచి వచ్చిన రింపుయి అనే అమ్మాయి రాసింది. ఫిజియోథెరపీ చదువుకుని, ఇక్కడి పెద్దాసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. తెలుగు పరీక్ష పాసవకపోతే ఆ ఉద్యోగం ఉండదు. చీటీలో ఇలా ఉంది: "మేడమ్ మంచివారు. నాకు ఏమీ అర్థం కాలేదు. క్షమించండి."

వరహాలమ్మ ఆ చీటీని రెండుసార్లు చదివింది. తర్వాత అంది:

"ముప్పయ్యేళ్ళకి ఒక నిజం వొచ్చినాదప్పా."

*

ఆ చీటీ పట్టుకుని వరహాలమ్మ జెసింత దగ్గరికి వెళ్ళింది. జెసింతది నెల్లూరు. విశ్వవిద్యాలయంలోనే నాడీశాస్త్రం లాబ్ నడుపుతుంది. ఆమె చేసిన పరికరాన్ని కాగితాల్లో ఏమంటారో నాకు గుర్తుండదు. మేం కుర్చీ అనేవాళ్ళం.

విద్యార్థి నుదుటికి ఒక పట్టీ కడతారు. యాభై నిమిషాల పాఠంలో చెవిన పడ్డ ఏ మాట లోపలికి పోయిందో, ఏది బయటే ఆగిపోయిందో పట్టీ దాచుకుంటుంది. తర్వాత టీచరు కుర్చీలో కూర్చుని టోపీ పెట్టుకుంటే ఆ యాభై నిమిషాలూ ఆమె తలలో నడుస్తాయి. తన పాఠాన్ని తాను విద్యార్థిగా వింటుంది. అయితే తెలుగు వచ్చిన తలకు తెలుగు రాకపోవడం ఎలా ఉంటుందో తెలియదు. అందుకని ముందుగా ఆ తలలో తెలుగును నిద్రపుచ్చాలి.

"నిద్ర లేపేదెలాగమ్మా?" అని అడిగాను.

"దానికి మందు లేదమ్మా, మనిషి కావాలి. చిన్నప్పుడు మొట్టమొదట విన్న మాటతో పిలవాలి. ముందు అది లేస్తే దాని వెనకే మిగతాదంతా వస్తుంది. నాకు మా నాయన పిలిచాడు. నాలుగుసార్లు చేసి చూసుకున్నాం."

"లేవకపోతే?"

"పిలిస్తే లేస్తుంది. పిలవని చోటే ఇబ్బంది. అందుకే ఇంటి మనిషి పక్కనుండాలని నియమం పెట్టాం. ఇంట్లో మీరిద్దరూ ఎలా మాట్లాడుకుంటారో అలాగే పావుగంట మాట్లాడండి. అంతే మీ పని."

ఆ గదికి ఒక పక్క గాజు గోడ. గోడ అవతల చదువుకున్న పిల్లలు ఇద్దరు, చెవులకు యంత్రాలు తగిలించుకుని. నా ముందు మైకు. మైకు మీద చిన్న ఎర్ర దీపం.

మొదటిసారికి ముందురోజు మధ్యాహ్నం నేను ఒక కాగితం రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో చెప్పాలి. నేను బడికి పోలేదు. చెల్లెల్ని దాని తొమ్మిదో ఏట హాస్టల్లో వేశాక, అది రాసే ఉత్తరాలు చదవడానికి అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒకసారి ఆసుపత్రిలో చీటీ రాసే గుమస్తా నా మాటను వెక్కిరిస్తే వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అప్పటి నుంచి బయటివాళ్ళ ముందు నేను పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడతాను. ఆ గది నాకు బయటే.

యాభై నిమిషాలు అయ్యాక టోపీ తీశారు. వరహాలమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది. నా పెదవులు కదలడం ఆమెకు తెలుస్తోంది, వచ్చేది మాట అనీ తెలుస్తోంది. ఏ మాటో తెలియదు. ఆమె చెయ్యి పట్టుకుని కాగితం చూసి చదివాను.

"సోదరీ, నేను నీ అప్పను. ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలైనది. వెలుపల ఎండ తీవ్రముగా ఉన్నది. నీవు క్షేమముగా ఉన్నావు."

గాజు అవతల ఎవరూ నవ్వలేదు. పదకొండో నిమిషంలో ఆమె "మంచినీళ్ళు కావాలి" అంది. జెసింత చప్పట్లు కొట్టింది. పిలిచే మనిషి కూడా ఒక పత్రం నింపాలి. ఎలాంటి మాటతో పిలిచారు? ఇంటి దగ్గర ఏమైనా మార్పు కనిపించిందా? రెండింటికీ కలిపి ఒకటే రాశాను. "అంతా సవ్యంగా ఉన్నది."

*

వరహాలమ్మ ఆ సాయంత్రం నాలుగు పేజీలు రాసింది. సోమవారం క్లాసులో వాటినే చదివి వినిపించిందట.

"పోయిన వారం నేను చేసిన తప్పులు. ఒకటి, బోర్డు వైపు తిరిగి మాట్లాడాను. నా నోరు కనబడకపోతే రింపుయికి మాట సగమే వినబడుతుంది. రెండు, ఒక మాట తెలియదంటే దానికి బదులు తెలియని మాటలు మరో మూడు ఇచ్చాను. మూడు, ప్రశ్న అడిగి రెండు సెకన్లు కూడా ఆగలేదు. ఆమె జవాబు కూర్చుకునేలోపు ముందు వరసవాళ్ళు చెప్పేశారు. నేను వాళ్ళను చూసి నవ్వాను."

అప్పటి నుంచి ఆమె ప్రశ్న అడిగి ఏడు లెక్కపెట్టేది. లెక్క బయటికి కనబడకుండా చీర కుచ్చిళ్ళ మీద వేళ్ళతో తట్టుకునేది. మాటకు మాట చెప్పడం మానేసి, చేసి చూపించేది. టీచరే తన తప్పులు చదివాక విద్యార్థులకు ధైర్యం వచ్చింది. చీటీల్లో "బాగుంది మేడమ్" తగ్గిపోయింది. "మంగళవారం ఇరవయ్యో నిమిషంలో ఆగిపోయాను", "మీరు కోపంగా లేరు కానీ కోపంగా ఉన్నట్టు కనబడతారు" లాంటివి వచ్చాయి. ఆ రెండోది నాకు చదివి వినిపించి పెద్దగా నవ్వింది.

ఆరు వారాలు. వారానికి ఒక విద్యార్థి పట్టీ. ఆరుసార్లూ నేను పక్కన కూర్చుని, కొత్త కాగితం రాసుకుని, పిలిచాను. నాలుగో వారానికి కాగితం చూడకుండానే చెప్పగలిగాను. అది నాకు కొంత గర్వంగా కూడా ఉండేది.

రెండో వారం తర్వాత ఆమె పులుసు రుచి చూసి "ఉప్పు తక్కువైంది" అంది. అంతకుముందైతే "ఉప్పేసినావా, మర్సిపోనావా ఏటి?" అనేది, నేను "నీ నోరు పోనాది, ఉప్పు కాదు" అనేదాన్ని. ఆ రోజు నేను ఉప్పు డబ్బా అందించి ఊరుకున్నాను. మూడో వారం అప్పా అనడం పోయి అక్కా అంది. అయిదో వారం "మీరు తిన్నారా?" అని అడిగింది. ప్రతిసారీ ఆ తేడా నా చెవికి తగిలింది. కానీ ఆమె ఏ మాటలో మాట్లాడితే నేనూ ఆ మాటే అందుకున్నాను. పని ఒత్తిడి అనుకున్నాను. మర్యాద పెరిగింది అనుకున్నాను. మళ్ళీ మామూలవుతుంది అనుకున్నాను. పత్రంలో మాత్రం ప్రతి వారమూ "అంతా సవ్యంగా ఉన్నది" అనే రాశాను. వేరేలా రాస్తే కుర్చీ ఆపేస్తారు. ముప్పై ఏళ్ళకు ఆమెకు నిజం చెప్పడం మొదలుపెట్టిన చీటీలు ఆగిపోతాయి.

*

ఏడో వారం శనివారం రింపుయి ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చింది. మొదట్లో మేడమ్ నన్ను పిలవడం విని నా పేరే అప్ప అనుకుంది. ఎవరూ దిద్దలేదు.

"అప్పా మేడమ్, అంబలి ఉందా?"

"అప్పకి మేడమ్ ఎందుకు? అప్పా అంటే చాలు."

"అప్పా చాలు, అంబలి ఉందా?"

నవ్వుతూ గ్లాసు ఇచ్చాను. ఆ పిల్ల తెలుగు అప్పటికి ఎంతో బాగుపడింది. వరహాలమ్మ ఆ వారం చీటీ తీసి అడిగింది.

"ఇందులో 'పుస్తకం అర్థమవుతోంది, ఆసుపత్రి అర్థం కాదు' అని రాశావు. అంటే ఏమిటి?"

"మేడమ్, నా దగ్గరికి వచ్చే పేషెంట్లు పల్లెటూరి ముసలమ్మలు. వాళ్ళు పుస్తకంలాగా మాట్లాడరు. నిన్న ఒకామె చెప్పింది విన్నట్టే మా అక్షరాలతో రాసుకున్నాను. చదువుతాను." రింపుయి ఫోను తీసి ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివింది. "మోకాలు కాడ సలుపుతన్నాదే గుంటా. కూకుంటే నెగనేకపోతన్నాను."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మా అమ్మ చివరి రెండేళ్ళూ, కూర్చుంటే లేవలేక, ఇంచుమించు ఆ మాటలే అంది, ఇంచుమించు ఆ వరసలోనే.

వరహాలమ్మ పెన్సిలు తీసుకుంది. "మళ్ళీ ఒకసారి చదువు." రింపుయి చదివింది. "ఇంకొంచెం నెమ్మదిగా." మళ్ళీ చదివింది. వరహాలమ్మ కాగితం మీద 'మోకాలు' అని రాసి ఆగిపోయింది. "చివరిది నాకు తెలియడం లేదు. ఏ ప్రాంతపు మాటో ఆరా తీసి సోమవారం చెబుతాను."

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. గరిటె పెట్టేసి, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి ఆమెతో మా మాట మాట్లాడాను.

"వరాలూ, ఏటే అలగంటావు? అమ్మ మాటే గదే ఇది. కూకుంటే నెగనేకపోతన్నానని రోజూ అనీది, నువ్వు సెయ్యట్టుకుని నెగదీసీదానివి."

ఆమె నా ముఖంలోకి శ్రద్ధగా చూసింది. విద్యార్థి చూసే చూపు అది.

"క్షమించండి అక్కా. మీరు చాలా వేగంగా మాట్లాడుతున్నారు. కొంచెం నెమ్మదిగా చెప్పండి."

*

జెసింత ఆరు రికార్డింగులూ తీసి నా ముందే వినడం మొదలుపెట్టింది. మూడోది వింటూ మధ్యలో ఆపేసింది.

"అమ్మా, ఇది రేడియోలో వార్తలు చదివినట్టుంది. ఇంట్లో మీరిద్దరూ ఇలాగే మాట్లాడుకుంటారా?"

నా నోటి నుంచి ఒకటే మాట వచ్చింది. "నేదు."

జెసింత తల పట్టుకుంది. గాజు అవతలి పిల్లలిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆరుసార్లు విన్నాం. మాకూ చక్కగా ఉందనిపించింది. ఎంత స్పష్టంగా మాట్లాడతారో అని మేం అనుకున్నామే తప్ప ఒక్కరం అడగలేదు. తప్పు మాది కూడానమ్మా."

"ఇప్పుడు పిలిస్తే లేవదా?"

"ఒకటి రెండుసార్లయితే లేచేదేమో. ఆరుసార్లు నిద్రపుచ్చి ఒక్కసారీ పిలవలేదు. ఆ చోటు ఎండిపోయింది. పుస్తకం తెలుగంతా పదిలంగా ఉంది. దాని కింద ఉండాల్సింది లేదు. కొత్తగా నేర్చుకోవచ్చు. ఎవరైనా నేర్చుకున్నట్టు. పాతది తిరిగొస్తుందని మాత్రం నేను చెప్పలేను."

ఆ రోజే కుర్చీకి తాళం వేసింది.

వరహాలమ్మ నా ఆరు పత్రాలూ తెప్పించుకుని చదివింది. ఏడవలేదు. పోయిందేమిటో తెలిస్తే కదా ఏడవడానికి. నాకు తెలుసు, నేనూ ఆమె ముందు ఏడవలేదు.

"ఎందుకు ఇలా రాశారక్కా?" అని మాత్రం అడిగింది.

"నీ పని ఆగిపోతుందని."

"నా విద్యార్థులూ నా మనసు కష్టపడుతుందనే రాశారు, ముప్పై ఏళ్ళు." పత్రాలు వరసగా సర్ది నాకు తిరిగి ఇచ్చింది. "నేను ఆ మాట మాట్లాడినప్పుడు ఎలా ఉండేదాన్ని?"

"కోపంగా లేకపోయినా కోపంగా ఉన్నట్టు ఉండేదానివి."

ఆమె నవ్వింది. నవ్వు మారలేదు.

*

రింపుయి పరీక్ష పాసయింది. అయినా ఆదివారాలు వస్తూనే ఉంది. ఆసుపత్రి మాట ఆమెకు కావాలి. వరహాలమ్మ కూడా నోటు పుస్తకం పెన్సిలు పట్టుకుని ఆమె పక్కన కూర్చుంది. మా వంటింట్లో నాకు ఇద్దరు విద్యార్థులు. ముందురోజు వరహాలమ్మే నాకు ఎలా చెప్పాలో చెప్పింది. గోడ వైపు తిరగకూడదు. మాటకు మాట ఇవ్వకూడదు, చేసి చూపించాలి. అడిగాక ఏడు లెక్కపెట్టాలి. చివర చీటీ తీసుకోవాలి.

"కాగితం రాసుకోవద్దు" అని కూడా అంది.

ఏం చెప్పాలో నేను అనుకోలేదు. నోటికి వచ్చింది చెప్పాను. ఒక ఆడపిల్లను వాళ్ళ అప్ప బస్సెక్కించి పట్నం తీసుకెళ్ళిన సంగతి. హాస్టలు గేటు దగ్గర పిల్ల గోరింటాకు చెట్టు చూస్తూ నిలబడితే, చెబితే ఏడుస్తుందని, చెప్పకుండా వెనక్కి నడిచి బస్సెక్కేసిన సంగతి. యాభై ఏళ్ళలో దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లకు కూడా. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని 'బస్సు' అన్న చోట తెలిసినట్టు తల ఊపింది.

పది నిమిషాలకు ఆపి చీటీలు అడిగాను. రింపుయి ఎక్కడెక్కడ ఆగిపోయిందో నాలుగు చోట్లు రాసింది. వరహాలమ్మ రాసి, మడిచి, రెండు చేతులతో అందించింది. విప్పి చూశాను. "చాలా బాగుంది అక్కా. ధన్యవాదాలు."

ఆ చీటీని బల్ల మీద ఆమె వైపు తోశాను.

"నిజం రాయి."

ఆమె చీటీ వంక చూసింది. రింపుయి వంక చూసింది. రింపుయి కిటికీ వైపు తిరిగింది. వరహాలమ్మ మొదటిది కొట్టేసి కింద రాసింది. ఈసారి మడవలేదు.

"నాకు ఏమీ అర్థం కాలేదు. చెట్టు తర్వాత ఒక మాట దగ్గర మీ గొంతు మారింది. అక్కడ ఆగిపోయాను. అది మళ్ళీ చెప్పండి."

చెప్పాను, నెమ్మదిగా. "నిన్నా గేటు కాడ ఒగ్గీసి ఎలిపోనాను."

చీర కుచ్చిళ్ళ మీద వేళ్ళతో ఏడు లెక్కపెట్టాను. ఆమె పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి. ఏమీ రాలేదు. "అంటే?" అంది.

మాటకు మాట ఇవ్వకూడదు. లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. తర్వాత వదిలేశాను. వెనక్కి చూడకుండా వంటింట్లోంచి నడిచి, ముందు గది దాటి, గుమ్మం దగ్గర ఆగాను. మా ఇద్దరి చెప్పులూ అక్కడ ఉన్నాయి. వెనక నుంచి పెన్సిలు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అది ఆగింది.

"ఆ మనిషి తిరిగి వస్తే" అని వరహాలమ్మ లోపలి నుంచి అడిగింది, "తిరిగి వచ్చి ఏమంటుంది?"

గుమ్మం దగ్గర నుంచి వెనక్కి నడిచాను. నా కుర్చీలో కూర్చున్నాను. ఆమె నోరు చూస్తోంది, అందుకని నెమ్మదిగా చెప్పాను.

"వొచ్చీసినాను."

ఆమె ఆ మాటను నోటు పుస్తకంలో మూడుసార్లు రాసుకుంది. తర్వాత తలెత్తి, సరిగ్గా పలుకుతున్నానా అని అడుగుతున్నట్టు చూస్తూ, పైకి అంది.